థ్రిల్లర్లకూ ప్రేమ నవలలకూ సమీక్ష ఎందుకు ఉండదు?

సంపాదకుల వారికి,

గత సంచికలో తెలుగు నవల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. అందులో థ్రిల్లర్లనూ ప్రేమ నవలలనూ ఒక్క వాక్యంలో తేల్చేశారు. అవి కాలక్షేపం బఠాణీలట, వాటి గురించి మాట్లాడుకోవడానికి ఏమీ లేదట. ఆ మాట నాకు నచ్చలేదు. ఆ నవలలన్నీ గొప్పవని నేననను, చాలావాటిని సగంలోనే మూసేశాను. కానీ ఇది బాగుంది, ఇది బాగాలేదు, ఇదీ కారణం అని చెప్పే మనిషి లేకపోవడం వల్లే అవి చెడిపోతున్నాయని నా వాదన. మీ సమీక్ష పేజీలో కవితా సంపుటాలు, కథల పుస్తకాలు, పరిశోధన గ్రంథాలు కనిపిస్తాయి. జనం సొంత డబ్బు పెట్టి కొని, అన్నం వేళ దాటినా వదలకుండా చదివే నవల మాత్రం కనిపించదు.

నేనుండేది జగ్గయ్యపేట, ఉద్యోగం నందిగామలో. రానూపోనూ బస్సులోనే నా చదువంతా. ఈమధ్య కొత్తవీ పాతవీ కలిపి చాలానే చదివాను. వాటిలో ఒక కొత్త థ్రిల్లర్ సంగతి చెప్పాలి. రచయితకు అది తొలి నవల, అందుకే పేరు రాయను. హంతకుడు హైదరాబాదులో శవాన్ని కారు డిక్కీలో వేసుకుని బయలుదేరి, తెల్లారేలోగా ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో పడేస్తాడు. ఆ కారు ఎటుపోయిందో పుస్తకం చివరిదాకా పోలీసులకు అంతుపట్టదు.

ఆ దారి మా దారి. 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర టోల్ గేట్లు దాటి విజయవాడ చేరతారు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. ఏ బండి ఏ గేటును ఎప్పుడు దాటిందో నిమిషంతో సహా నమోదవుతుంది. పైన కెమెరాలు సరేసరి. రాష్ట్రం విడిపోయాక మా గరికపాడు దగ్గర సరిహద్దు చెక్‌పోస్టు కూడా ఉంది. వీటన్నిటినీ తప్పించుకునే ఉపాయం హంతకుడికి ఉంటే ఉండనివ్వండి. నంబరు ప్లేటు మార్చాడా, దొంగ బండి ఎక్కాడా, పెద్ద రోడ్డు వదిలి పల్లెల దారి పట్టాడా? పాఠకుడు కుర్చీ అంచున కూర్చునేది అక్కడే. ఈ రచయిత ఆ గేట్లు అసలు లేనట్టే కారును దాటించేశాడు. పైగా నిరుడు సంక్రాంతికి జరిగిన హత్యకు ఎస్సై చేత ఐపీసీ 302 కింద కేసు కట్టించాడు. 2024 జులై 1 తర్వాత జరిగిన హత్యకు వర్తించేది భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షను. మా ఊళ్లో కోర్టు పక్క టీకొట్టులో అడిగినా చెబుతారు.

ఇవి చిన్న తప్పులని కొట్టిపారేయకండి. థ్రిల్లర్ చదివేవాడు పేజీ పేజీకీ రచయితతో పోటీ పడతాడు. హంతకుడెవరో తానే ముందు కనిపెట్టాలని చూస్తాడు. ఆధారాలన్నీ అతని కళ్లముందు పెట్టి, అయినా ఓడించగలిగితేనే రచయిత గెలిచినట్టు. యండమూరి వీరేంద్రనాథ్ ‘అభిలాష’ను ఇప్పుడు మళ్లీ చదివినా అది పట్టు సడలదు. ఉరిశిక్ష రద్దు కావాలని పట్టుబట్టిన ఒక కుర్ర లాయరు, జరగని హత్యకు తనమీదే సాక్ష్యాలు పుట్టించుకుంటాడు. శిక్ష పడ్డాక నిజం బయటపెట్టి, చట్టం నిరపరాధిని కూడా ఉరి తీయగలదని చూపించాలని అతని పథకం. ఆ పథకం చెయ్యి దాటిపోవడమే కథ. చట్టం ఎలా నడుస్తుందో తెలిసినవాడే అలాంటి కథ అల్లగలడు. 1983లో అది సినిమాగా వచ్చింది. కానీ నవలలో ఆ బిగువు ఎలా వచ్చిందో విడమరిచి చెప్పే సమీక్ష ఒక్కటి కూడా నా కంటబడలేదు.

విమర్శ వస్తే ఇలాంటి నవలలు వాడిపోతాయని భయపడేవాళ్లున్నారు. యండమూరి చేతబడి నవల ‘తులసిదళం’ను చూడండి. ఆంధ్రభూమి వారపత్రికలో అది వస్తున్న రోజుల్లో ఇళ్లల్లో పిల్లలు రాత్రిపూట ఒంటరిగా వాకిట్లోకి వెళ్లేవాళ్లు కాదు. రచయిత్రి రంగనాయకమ్మ గారు ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అంటూ దాన్ని ఉతికి ఆరేశారు. చేతబడి మీద జనానికున్న భయాన్ని సొమ్ము చేసుకోవడం తప్పు కాదా అన్న ప్రశ్న ఆమె వేసింది కాబట్టే ఇవాళ్టికీ ఉంది. నేను ఆ నవలను ఇష్టపడి చదివినదాన్ని, అయినా ఆమె పక్షాన ఉంటాను. అంత కోపంగా విమర్శించడం కూడా ఒక గౌరవమే. పుస్తకాన్ని పట్టించుకోకపోవడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

ఇక ప్రేమ నవల. ఇక్కడ నాకు కోపం ఇంకా ఎక్కువ. ఫోన్లలో అధ్యాయాలుగా వస్తున్న కొత్త ప్రేమ కథల్లో ఒక మూస పాతుకుపోయింది. తండ్రి ఆపరేషనుకు డబ్బు లేక నాయిక ఒక కోటీశ్వరుడితో కాంట్రాక్టు పెళ్లికి సంతకం పెడుతుంది. అతను ఆమెను గదిలో పెట్టి తాళం వేస్తాడు, ఫోను లాక్కుంటాడు, చెయ్యి చేసుకుంటాడు. ఇరవయ్యో అధ్యాయానికల్లా ఆ కళ్లల్లో ఆమెకు ప్రేమ కనిపిస్తుంది. నా పక్క సీట్లో కూర్చునే డిగ్రీ పిల్లలు ఇవే చదువుతున్నారు. చదవొద్దని నేను చెప్పను. కానీ ఇది ప్రేమ కాదమ్మా, నిర్బంధం అని పత్రికలో ఒక్కరైనా రాయాలి కదా.

పాత ప్రేమ నవలలతో పోల్చి చూడండి. యద్దనపూడి సులోచనారాణి గారు మా ఉమ్మడి కృష్ణా జిల్లా కాజ ఆడపడుచు. 1960లలో జ్యోతి మాసపత్రికలో ఆమె నవల ‘సెక్రటరీ’ వచ్చింది. పొడుగాటి కారు, డబ్బున్న అందగాడు అంటూ ఆమెను వెక్కిరించినవాళ్లు వెక్కిరిస్తూనే ఉన్నారు. ఆ వెక్కిరింతలో కొంత నిజం లేకపోలేదు. అందులో నాయకుడు రాజశేఖరం డబ్బు తీసేస్తే అతనిలో మిగిలేది కొంచెమే. అయితే నాయిక జయంతిని చూడండి. ఆడవాళ్లు ఆఫీసులకు వెళ్లడమే అరుదైన రోజుల్లో జీతం కోసం గడప దాటిన పిల్ల ఆమె. ఆత్మాభిమానం దగ్గర ఒక్క మెట్టు కూడా దిగదు. అరవై ఏళ్ల కిందటి నాయికకున్న ఆ వెన్నెముక నేటి కాంట్రాక్టు పెళ్లికూతురికి ఎందుకు లేదు? యండమూరి ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో నాయిక రమ్య కూడా జయంతి లాంటిదే. మొహం చూపించకుండా ఫోనులో మాట్లాడుతూ, తన జాడ కనుక్కోమని చదరంగం ఆటగాడు రేవంత్‌కు సవాలు విసురుతుంది. ఆట ఆమెది, నియమాలు ఆమెవి. ముగింపు నా మనసుకు నచ్చదు. ఆ తెలివైన పిల్లను జబ్బుతో చంపి మనచేత ఏడిపించడం తేలిక దారి అనిపిస్తుంది. ఇలా మెచ్చుకుంటూ తప్పుపడుతూ మాట్లాడుకునే చోటు పాఠకులకు కావాలి.

మన రచయితలకు వస్తువు కరువా అంటే అదీ లేదు. 2023 జులైలో మునేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదుగా పారింది. లారీలు, బస్సులు, కార్లు బారులు తీరాయి. హైదరాబాదు బళ్లను నార్కట్‌పల్లి నుంచే మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా మళ్లించారు. 2024 సెప్టెంబరులో పాలేరు వరదకు గరికపాడు వంతెన దెబ్బతింది. ముందుకూ వెనక్కూ కదలలేని వందల మంది అపరిచితులు, చుట్టూ నీళ్లు, చీకటి. ఆ బారులో ఒక హంతకుడున్నాడనుకోండి. లేదా ఇంట్లో చెప్పకుండా పెళ్లికి బయలుదేరిన ఒక జంట ఉందనుకోండి. విదేశీ సినిమాలు చూసి కథ తెచ్చుకోవాల్సిన పని ఏముంది?

సమీక్ష అవసరం గ్రంథాలయాలకూ ఉంది. ఆంధ్రప్రదేశ్ తొలి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు గారు పుట్టింది మా నందిగామలోనే. గ్రంథాలయోద్యమానికి పాటుపడిన పెద్దమనిషి. మేం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఇప్పటికీ పడుతోంది. థ్రిల్లర్ చదివేవాళ్లు కూడా ఆ పైసలు కడుతున్నారు. శాఖా గ్రంథాలయానికి ఏ నవల కొనాలో, దేనికి డబ్బు దండగో చెప్పే నమ్మకమైన సమీక్ష వాళ్లకు అందడం న్యాయం.

కాబట్టి సంపాదకుల వారికి నా విన్నపం. ప్రతి సంచికలో ఒక పేజీ ఈ నవలలకు ఇవ్వండి. థ్రిల్లర్ అయితే ఆధారాలు పాఠకుడికి ముందే చూపించిందా, పోలీసు పని తెలిసి రాశారా అని అడగండి. ప్రేమ నవల అయితే నాయిక కాదంటే నాయకుడు ఆగాడా అని అడగండి. రాసేవాళ్లు దొరకడం లేదంటే పాఠకులనే పిలవండి. మా వైపు నుంచి మొదటి సమీక్ష పంపడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
జగ్గయ్యపేట, ఎన్టీఆర్ జిల్లా