కన్నం చిన్నదే... పొగకు చాలు!

గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్... ఏ కాలనీలోనైనా సరే, గనిలో పనిచేసి రిటైరైన పెద్దాయనను పలకరించి 'స్టాపింగంటే ఏంది తాతా?' అని అడిగి చూడండి. చేతిలో చాయ్ చల్లారిపోతుంది కానీ ఆయన చెప్పడం ఆపరు.

భూమి లోపల బొగ్గు తీసేశాక మిగిలే ఖాళీని గోఫ్ అంటారు. ఎంత తవ్వినా అందులో కొంత బొగ్గు ఉండిపోతుంది. దానికి గాలి తగిలితే చాలు, తనంతట తానే నెమ్మదిగా వేడెక్కుతుంది. అగ్గిపుల్ల గీయక్కర్లేదు, వైరు కాలక్కర్లేదు. కొన్నాళ్లకు రాజుకుంటుంది. అందుకే ఒక ప్యానెల్‌లో పని పూర్తికాగానే అందులోకి వెళ్లే దారులన్నిటికీ అడ్డంగా గోడలు కట్టేస్తారు. అవే స్టాపింగులు. కట్టడమంటే ఇటుక మీద ఇటుక పేర్చేయడం కాదు. రెండు పక్కలా, పైనా, కిందా బొగ్గులోకీ రాతిలోకీ గాడి కోసి, గోడ అంచుల్ని అందులోకి దింపుతారు. ఎందుకంటే గాలి దూరేది గోడ మధ్య నుంచి కాదు, అంచుల సందుల్లోంచి. లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి గోడలో ఒక గొట్టం ఉంచుతారు. దాన్నుంచి గాలి నమూనా తీసి పరీక్షిస్తారు. ఖర్చయిన ఆక్సిజన్‌తో పోలిస్తే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతోందంటే లోపల వేడి మొదలైనట్టే లెక్క.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో వేల కుటుంబాలకు అన్నం పెట్టిన విద్య ఇది. మంటను ఆర్పడం కన్నా దాని దారి మూయడం తేలికన్నది అందులోని సూత్రం. విచిత్రమేమిటంటే, భూమి కింద ఇంత పకడ్బందీగా పాటించే ఈ సూత్రాన్ని భూమి పైన కట్టే ఇళ్లలో, ఎక్కే బస్సుల్లో దాదాపుగా పట్టించుకోం.

ముందొచ్చేది పొగే

ఊళ్లో బజారు వీధిలో ఏ భవనమైనా తీసుకోండి. కింద బట్టల కొట్టో, బ్యాటరీ బండ్ల షోరూమో ఉంటుంది. దానిపైన ట్యూషన్ సెంటర్, ఆపైన కాపురాలు. మెట్లు ఒక్కటే. ఆ మెట్ల పక్కనే కరెంటు మీటర్లు, అక్కణ్నుంచి పైదాకా వైర్లు వెళ్లే డక్టు. ఒక్కో అంతస్తు స్లాబులో ఆ వైర్ల కోసం కొట్టిన కన్నం జానెడు ఉంటే, అందులో వెళ్లే వైర్లు పిడికెడు. మిగతాదంతా ఖాళీ. కింద ఏదైనా అంటుకుంటే ఆ ఖాళీయే పొగగొట్టమవుతుంది. వేడి పొగ పైకి లేస్తుంది. మనిషి మెట్లు దిగే వేగం దానికి చాలదు.

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో జరిగింది ఇలాంటిదే. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన రూబీ లాడ్జి. మంట కిందే పుట్టింది. పొగ మెట్ల మీదుగా పై గదుల్లోకి వెళ్లింది. 8 మంది చనిపోయారు. మరుసటి ఏడాది మార్చి 16న అదే సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు ప్రాణాలు వదిలారు. ఉద్యోగం కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు వాళ్లు. బలి తీసుకున్నది మంట కాదు, పొగ. 2025 మే 18 తెల్లవారి హైదరాబాద్ గుల్జార్‌హౌజ్‌లో ఒకే కుటుంబానికి చెందిన 17 మంది పోయారు. వారిలో దాదాపు సగం మంది పసివాళ్లే. లోపలికీ బయటికీ అక్కడ ఉన్నది ఇరుకైన ఒకే దారి.

ఇది మన దగ్గరి నిర్లక్ష్యం మాత్రమే అనుకుంటే పొరపాటే. 1980 నవంబరు 21న అమెరికాలోని లాస్ వెగాస్‌లో ఎంజీఎం గ్రాండ్ హోటల్ కింది అంతస్తులో నిప్పంటుకుంది. 85 మంది చనిపోతే, వారిలో ఎక్కువ మంది మంట జాడే లేని పై అంతస్తుల్లో ఉన్నవారు. లిఫ్టు గుంతలు, మెట్లు, భవనం భాగాల మధ్య వదిలిన సందులు... పొగ వీటి గుండా పైకి చేరింది. ఇంట్లో ఫోమ్ పరుపు, సోఫా కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు సైనైడ్ వాయువు కూడా ఉంటుంది. నాలుగు గుక్కలు పీల్చేసరికి కాళ్లు కదలవు. నిద్రలో ఉన్నవారికైతే మెలకువే రాదు.

ప్యాలాల్లా పొంగే పట్టీ

మరి ఆ కన్నాల్ని దేంతో మూయాలి? సిమెంటు పూసేస్తే సరిపోదా అంటే... రాతి గోడకైతే సరే. కానీ వైర్ల మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. మంటలో అది కరిగిపోతుంది, దాని చుట్టూ మళ్లీ సందు పడుతుంది. పీవీసీ పైపైతే మొత్తం కరిగి, పైపంత కన్నం మిగులుతుంది. అందుకే మంట వచ్చినప్పుడు తనే పెరిగి సందును నింపే పదార్థాలు తయారుచేశారు. మక్కలు పెనం మీద వేస్తే ప్యాలాలై ఎలా ఉబ్బుతాయో తెలుసుగా! ఈ సీళ్లూ అంతే. కొన్నింటిలో ప్రత్యేకంగా తయారుచేసిన గ్రాఫైట్ ఉంటుంది. సుమారు 200 డిగ్రీల వేడి తగిలేసరికి దాని పొరలు విచ్చుకుని ఎన్నో రెట్లు ఉబ్బి, గట్టి మసిలా మారి సందును నింపేస్తాయి. పైపుల చుట్టూ వేసే పట్టీలైతే కరుగుతున్న పైపును నొక్కి నొక్కి మూసేస్తాయి. పెద్ద కన్నాలకు రాక్ ఊల్ ఉంది. రాతిని కరిగించి తీసిన దూది లాంటిది. 1000 డిగ్రీల్లోనూ నిలబడుతుంది.

ఆస్పత్రుల్లో, పెద్ద హోటళ్లలో 'ఫైర్ డోర్' అని రాసిన బరువైన తలుపులు చూసే ఉంటారు. తలుపు ఎంత గట్టిదైనా చౌకట్టుకూ దానికీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు తప్పదు. ఉబ్బే పట్టీని అక్కడే గాడిలో దాచి ఉంచుతారు. ఇందులో ఒక మెలిక ఉంది. పట్టీ ఉబ్బాలంటే వేడి తగలాలి. మొదట్లో వచ్చే చల్లటి పొగ దాన్ని ఉబ్బించలేదు. అందుకే మంచి తలుపుకు ఆ పట్టీతో పాటు పొగనాపే బ్రష్షో, రబ్బరు అంచో కూడా ఉంటుంది. ఇవేవీ పనిచేయకుండా చేసే మార్గం మాత్రం మన దగ్గర అందరికీ తెలుసు. గాలి రావాలని ఆ తలుపు కింద ఇటుక పెట్టి తెరిచే ఉంచుతారు!

ఈ సీళ్ల బలం కొలిమిలో తేలుతుంది. గంట గడిచేసరికి కొలిమి 945 డిగ్రీలకు, రెండు గంటలకు 1049 డిగ్రీలకు చేరుతుంది. అవతలి పక్కకు మంట రాకూడదు, వేడి హద్దు దాటకూడదు. ఎంతసేపు నిలబడితే అన్ని నిమిషాల సీలు. మన జాతీయ భవన నిర్మాణ కోడ్ 2016 కూడా కరెంటు తీగల డక్టును ప్రతి అంతస్తులోనూ మూయాలని, ఆ మూత అంతస్తు స్లాబుకు తీసిపోకుండా మంటను తట్టుకోవాలని చెబుతోంది. అయితే అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ సాధారణంగా అడిగేది నివాస భవనాలకు 18 మీటర్లు, వాణిజ్య భవనాలకు 15 మీటర్ల ఎత్తు దగ్గర్నుంచే. జిల్లా పట్టణాల్లో మూడు నాలుగు అంతస్తుల ఇళ్లు చాలావరకు ఆ లెక్కలోకి రావు. వాటిలో కన్నం మూయడం, మూయకపోవడం యజమాని ఇష్టం!

కొవ్వొత్తి చేసిన పని

మూయడమంటే ఏదో ఒకటి కుక్కేయడం కూడా కాదు. 1975 మార్చి 22న అమెరికాలో అలబామా రాష్ట్రంలోని బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రంలో తీగలు వెళ్లే కన్నాల్ని నురుగులాంటి ఫోమ్‌తో మూస్తున్నారు. ఎక్కడైనా గాలి లీకవుతోందా అని చూడ్డానికి ఒక కార్మికుడు కొవ్వొత్తి పట్టుకున్నాడు. మంట ఊగితే లీకున్నట్టు. మంట ఊగడమే కాదు, కన్నంలోకి లాక్కుపోయింది. సీలే అంటుకుంది! గోడ అవతల సుమారు 1600 తీగలు కాలిపోయాయి. ఆర్పడానికి ఏడు గంటలు పట్టింది. అదృష్టం కొద్దీ ప్రాణనష్టం లేదు. ప్రపంచమంతటా విద్యుత్ కేంద్రాల్లో తీగల కన్నాల్ని చూసే తీరు మారిపోయింది ఆ కొవ్వొత్తి తర్వాతే.

మన ఇళ్లలో ఏసీ పైపు చుట్టూ, కిటికీల అంచుల్లో డబ్బాతో కొట్టే పసుపుపచ్చ ఫోమ్ కూడా చాలావరకు ఆ జాతిదే. చలిగాలిని ఆపుతుంది కానీ నిప్పును ఆపదు. థర్మకోల్ ముక్క, పాత పేపరు, గోనెసంచి కుక్కి పైన సిమెంటు మెత్తే పద్ధతి గురించి చెప్పేదేముంది!

తీగలూ ప్యానెళ్లూ ఉన్నచోట పొగ ఏం చేయగలదో 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జల విద్యుత్ కేంద్రంలో తెలుగువాళ్లు చూశారు. 9 మంది చనిపోయారు. సొరంగం నిండా పొగ కమ్మడంతో సహాయక బృందాలు లోపలికి వెళ్లడానికే గంటలు పట్టింది. అప్పుడు కబురు వెళ్లినవారిలో సింగరేణి గని రక్షక దళమూ ఉంది. పొగలో నడవడం తెలిసినవాళ్లు కదా!

బస్సులో తిరగబడ్డ లెక్క

ఇక బస్సులు. ఇంజిన్ గదికీ, ప్రయాణికులకూ మధ్య ఒక అడ్డుగోడ ఉంటుంది. అది వేడిని తట్టుకునేదై ఉండాలని, దాన్ని బిగించే క్లిప్పులు, గాస్కెట్లు కూడా మంటను తట్టుకోవాలని ఐక్యరాజ్యసమితి బస్సు నిబంధన 107 చెబుతుంది. ఇంజిన్ గదిలో నూనె పీల్చే స్పాంజీ, అంటుకునే పదార్థాలు వాడకూడదనీ ఉంది. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు బాగానే ఉంటుంది. ఆ తర్వాతే కథ. రంగురంగుల లైట్లు కావాలి, బెర్తు బెర్తుకూ చార్జింగ్ పాయింటు కావాలి, టీవీ కావాలి. డ్రిల్లుతో రేకుకు కన్నం కొట్టి వైరు లాగేస్తారు. అక్కడ రబ్బరు గ్రోమెట్ వేస్తే పైసల్లో పని. అది లేకపోతే రేకు అంచు బస్సు కుదుపులకు రోజూ వైరును కోస్తూ ఉంటుంది. ఒకరోజు షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఆ నిప్పు తాలూకు పొగ లోపలికి రావడానికి ఆ కన్నమే సిద్ధంగా ఉంటుంది.

ఇదే బస్సులో కిటికీ అద్దాలు మాత్రం గాలి చొరకుండా సీలు చేసి ఉంటాయి, ఏసీ పోకూడదని! నిప్పుకూ మనిషికీ మధ్య ఉండాల్సిన సీలు లేదు. మనిషికీ బయటి గాలికీ మధ్య మాత్రం పక్కాగా ఉంది. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోయినప్పుడు 45 మంది బయటికి రాలేకపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు శివారు చిన్నటేకూరులో హైదరాబాద్-బెంగళూరు బస్సు కింద బైకు ఇరుక్కుని మంటలు లేస్తే 19 మంది ప్రయాణికులు పోయారు. అదే ఏడాది జనవరి 14న నిర్మల్ జిల్లా నుంచి తీర్థయాత్రకు వెళ్లిన బస్సు ఉత్తరప్రదేశ్‌లోని బృందావనంలో తగలబడి ఒక యాత్రికుడు చనిపోయాడు. ఈ మూడింటినీ సీళ్లే ఆపేసేవని అనలేం. ట్యాంకు పగిలితే, బస్సు కింద పెట్రోలు మండితే ఏ రబ్బరూ నిలవదు. ఇంజిన్ గదిలోనో, వైరింగులోనో పుట్టే నిప్పుకు మాత్రం గట్టి అడ్డుగోడ ఉంటే కొన్ని నిమిషాలు దొరుకుతాయి. బస్సంతా దిగడానికి కావలసింది ఆ కొన్ని నిమిషాలే. దూరప్రయాణం పెట్టుకున్నవారు సీటు దొరికిందా లేదా అని చూసినట్టే వెనక అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా, అద్దం పగలగొట్టే సుత్తి ఉందా అని చూసుకోవాలి. అడిగితే డ్రైవరన్న విసుక్కోవచ్చు. విసుక్కోనివ్వండి.

ఇంటి సంగతికొస్తే, ఫ్లాటు కొనేవాళ్లు టైల్సు, మాడ్యులర్ కిచెన్ చూశాక ఓసారి మెట్ల దగ్గరి డక్టు తలుపు తెరిపించాలి. లోపల టార్చి వేస్తే కింది అంతస్తు నేల కనిపించిందా? అయితే పొగకు దారి ఉన్నట్టే. బిల్డరు సీలు వేశానంటే, ఏ పదార్థం, ఎన్ని నిమిషాలకు పరీక్షించినదో తెలిపే సర్టిఫికెట్ అడగొచ్చు. మంటనాపే సీలెంటూ, బాత్రూమ్ సిలికానూ ఒకేలాంటి ట్యూబుల్లో వస్తాయి. చూసి పోల్చుకోలేం. మెట్ల కింద రాత్రంతా స్కూటరు చార్జింగ్ పెట్టే అలవాటుంటే దాన్ని ఆరుబయటికి మార్చడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని.

అన్నీ మూయించాక అసలు తలనొప్పి మొదలవుతుంది. ఇంటర్నెట్ కుర్రాడు వస్తాడు. కొత్త తీగ లాగాలి. చక్కగా మూసిన సీలులో స్క్రూడ్రైవరు గుచ్చి, తీగ దూర్చి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. వారం తర్వాత కేబుల్ టీవీ అతను, ఆపైన సీసీ కెమెరాలవాళ్లు. గనిలో స్టాపింగు వైపు ఎవరైనా గునపం పట్టుకుని వెళితే సర్దార్ ఊరుకుంటాడా! అపార్ట్‌మెంట్‌లో ఆ సర్దార్ ఎవరన్నది వచ్చే నెల సంఘం మీటింగులో తేల్చుకోవచ్చు. వాటర్ ట్యాంకర్ల లెక్క రాసే వాచ్‌మన్ పుస్తకంలోనే, డక్టు తాళం ఎవరు తీసుకున్నారు, కన్నం మళ్లీ మూశారా అని రాయడానికి రెండు గడులు పడతాయి.