కాగితాలు చూశారు, గోడలు చూశారా?

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. తమిళులకూ అచ్చంగా ఇదే సామెత వున్నది. కాని చెన్నపట్నంలో స్థలం కొని, ముహూర్తం పెట్టి, దగ్గర నిలబడి ఇల్లు కట్టించుకునే యోగం ఈ రోజుల్లో ఎంతమందికి? ఎవరో ఎప్పుడో కట్టిన ఇంటినో, ఫ్లాటునో కొనుక్కుని గృహప్రవేశం చేసుకోవటమే మనలో చాలామందికి మిగిలిన దారి. కాబట్టి సామెతను కొంచెం సవరించి “ఇల్లు కొని చూడు” అనవలసి వస్తున్నది.

ఇదివరకొకమారు ఈ శీర్షికలోనే ఇల్లు కొనేముందు చూడవలసిన కాగితాల గురించి రాశాను. మూల దస్తావేజులు, విల్లంగం సర్టిఫికెట్, పట్టా, మంజూరైన ప్లాను వగైరా. మా తమ్ముడి కూతురు ఆ వ్యాసం దగ్గర పెట్టుకుని, అన్నీ వకీలుకు చూపించి, సందేహం లేదనిపించుకున్న తరువాతే ఒక పాత ఇల్లు కొన్నది. ఏప్రిల్ నెల. కొత్త రంగులు వేసి ఇల్లు పెళ్లిపందిరిలా వున్నది. నవంబరు వానలు పట్టగానే పడకగది గోడ నిలువునా చెమ్మగిల్లింది. ఒక రాత్రి వంటింటి కప్పునుంచి అరచేతి మందాన పెచ్చు ఊడి పొయ్యిగట్టు మీద పడింది. అదే పగటివేళ అయితే అక్కడ ఆ అమ్మాయి నిలబడి వుండేది. పిల్లవాడి కాలేజీ చదువుకని దాచిన సొమ్ము మరమ్మతులకు సరిపోయింది.

“పెదనాన్నా, కాగితాలు చూడమని రాశారు, చూశాం. గోడలు చూడమని రాయలేదే!” అన్నది. నవ్వుతూనే అన్నది గాని, నాకు ఆ మాట గుచ్చుకున్నది. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాను.

ముందుగా చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షను వున్నది. ఆస్తిలో గాని, హక్కులో గాని ముఖ్యమైన లోపం వుండి, అది అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు శ్రద్ధతో చూసినా కనిపెట్టలేనిదైతే దానిని అమ్మేవారు చెప్పి తీరాలి. మరి శ్రద్ధగా చూస్తే కనిపించే లోపం మాటేమిటి? అది చూసుకోవలసిన పూచీ కొనేవారిదే. తరువాత కోర్టుకెక్కి వాదించుకోవచ్చు. కాని తీర్పు వచ్చేదాకా వాన ఆగదు గదా!

“రెరా చట్టం వచ్చింది కదా” అంటారు కొందరు. నిజమే. 2016 నాటి ఆ చట్టం ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు కట్టుబడి లోపం బయటపడి మనం తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేసి ఇవ్వాలి. అయితే అది కట్టి అమ్మే బిల్డరుకు వర్తించే నియమం. పాతికేళ్ల నాటి ఇంటిని ఒక గృహస్థు దగ్గర కొంటే ఆ రక్షణ లేదు.

ఇంకొక అపోహ వున్నది. “బ్యాంకు ఇంజనీరు వచ్చి చూశాడు, అప్పు మంజూరైంది, ఇంకేం భయం?” అనుకోవటం. బ్యాంకు మనిషి వచ్చేది తమ అప్పుకు ఆ ఇల్లు తగిన హామీ అవునా కాదా తేల్చటానికి. వంటింటి కప్పు కింద వంట చేసేది బ్యాంకు కాదు.

అమెరికాలో వున్న మన పిల్లలను అడగండి. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఇళ్లను పరీక్షించేవారికి లైసెన్సులు వున్నాయి. పరీక్ష చేయించకుండా కొనటానికి వెనకాడతారు. మన దగ్గర అది ఇంకా అంతగా ఆచారం కాలేదు. కాని స్ట్రక్చరల్ ఇంజనీరును పిలుచుకుని పోవటానికి అడ్డేమీ లేదు. ఆయన మీరు పిలిచిన మనిషి, మీరు ఫీజు ఇచ్చిన మనిషి కావాలి. అమ్మేవారి బంధువు, బ్రోకరు తెచ్చిన మేస్త్రీ పనికిరారు. ఇదంతా బయానా ఇవ్వకముందే జరగాలి. సొమ్ము చేతులు మారిన తరువాత మన కళ్లు లోపాలను చూడటానికి ఇష్టపడవు.

ఇంజనీరును పిలిచే ముందు మనమే చూసుకోగల సంగతులు చాలా వున్నాయి. ఒకమారు పగటి వెలుగులో, ఒకమారు గట్టివాన వెలిసిన మర్నాడు వెళ్లండి. చెన్నపట్నంలో అక్టోబరు మొదలు డిసెంబరు దాకా ఇంటి గుట్టు బయటపెట్టే నెలలు. చూడటం పైనుంచి మొదలుపెట్టండి.

మేడ మీద ఒక బకెట్ నీళ్లు కుమ్మరించండి. నీరు వాటంగా తూము వైపు పోవాలి. మధ్యలో మడుగు కట్టితే ఆ నీరు ఏదో ఒకనాడు కిందికి దిగుతుంది. పలకలను నాణెంతో తట్టండి. డొల్ల శబ్దం వస్తే అడుగున పట్టు వదిలిందన్నమాట.

తరువాత లోపలికి వచ్చి కప్పు చూడండి. శ్లాబులో ఇనుప చువ్వ వెంబడి తిన్నగా బీట వుండి, తుప్పు రంగు మరక కనిపిస్తే జాగ్రత్త. తుప్పు పట్టిన ఇనుము కొన్ని రెట్లు ఉబ్బి కాంక్రీటును లోపలినుంచి తోస్తుంది. పెచ్చులు ఊడేది అందుకే. తిరువాన్మియూరు, బెసంట్ నగరు వంటి సముద్రపు ఒడ్డున ఉప్పు గాలికి ఈ జబ్బు త్వరగా పడుతుంది. మైలాపూరు, ట్రిప్లికేను వైపు పాత మద్రాసు టెర్రసు ఇళ్లు ఇంకా వున్నాయి. టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నపు కాంక్రీటు వేసిన కప్పులవి. వాటిలో దూలం గోడలోకి చొచ్చే కొసను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. చెద, చెమ్మ రెండూ ముందుగా పట్టేది అక్కడే.

గోడల మీద వెంట్రుకవాసి గీతలకు బెదరనక్కరలేదు. అవి పూత ఆరినప్పుడు వచ్చేవి. తలుపుల, కిటికీల మూలలనుంచి ఏటవాలుగా పోయి, ఒక కొస వెడల్పుగా వున్న బీట అయితే పునాది కుంగిందేమో ఇంజనీరు తేల్చాలి. పాత మేస్త్రీలకు ఒక ఉపాయం తెలుసు. బీటకు అడ్డంగా సన్నని గాజుపలక అతికించి తేదీ రాస్తారు. కొన్ని వారాలకు గాజు పగిలితే బీట ఇంకా కదులుతున్నట్టు.

వరద సంగతి మరిచిపోకండి. ఇంటివారిని కాదు, వీధిలో ఇస్త్రీ బండి అతన్ని, మూల మీది కొట్టు అతన్ని అడగండి. 2015 డిసెంబరులో ఎంత నీరు వచ్చింది? 2023 డిసెంబరు తుపానుకో? ముందు గోడకు రంగు వేస్తారు గాని పెరటి ప్రహరీకి వేయరు. నీటి గీత అక్కడ దొరుకుతుంది. బెంగుళూరు వారు 2022 సెప్టెంబరును, యానాం వారు అదే ఏడు జూలైలో వచ్చిన గోదావరి వరదను గుర్తు చేసి అడగాలి.

బోరు నీరు ఒక సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వండి. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని భారత ప్రమాణం. వేరే దారి లేనిచోట 2000 దాకా ఒప్పుకుంటారు. మీటరు పెట్టె దగ్గర ఆర్‌సీసీబీ అనే స్విచ్చి వున్నదా చూసి దాని పరీక్ష బటన్ నొక్కండి. వెంటనే కరెంటు పోవాలి. టేపు తీసుకుని గదులు కొలిచి మంజూరైన ప్లానుతో సరిపోల్చండి. ప్లానులో లేని గది ధరలో వుంటుంది గాని హక్కులో వుండదు.

లోపం లేని ఇల్లు దొరకదు. దొరికినవాటిని మూడు కుప్పలు చెయ్యండి. సర్దుకుపోగలిగినవి ఒకటి. మరమ్మతు ఖర్చు ధరలో తగ్గించుకోవలసినవి, లేదా రిజిస్ట్రేషనుకు ముందే అమ్మేవారు చేయించాలని అగ్రిమెంటులో రాయించుకోవలసినవి రెండోది. ఎంత అందంగా వున్నా దండం పెట్టి వచ్చేయవలసినవి మూడోది. ఇదంతా అడిగితే అమ్మేవారు నొచ్చుకుంటారేమోనని మొహమాటపడకండి. ఇంటిని దాచుకోవలసిన అవసరం లేనివారు నిచ్చెన తామే తెచ్చి వేస్తారు.

మొన్న మా వియ్యపురాలు ఒక ఇల్లు చూడబోతూ నన్ను తోడు రమ్మని కబురు చేశారు. నేను మా తమ్ముడి కూతురిని పంపాను. బ్రోకరు హాల్లో అలంకారాలు చూపిస్తూవుంటే, మా అమ్మాయి బకెట్ ఎక్కడున్నదని అడిగి, తిన్నగా మేడ మెట్లెక్కిందట.