రాత్రి మేలుకునేదెవరు?

వారం రోజులు నడిసముద్రంలో, పడవ మీదే తిండీ నిద్రా అంటే మనవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. నీళ్ళ అడుగున ఫొటోలు తీసే నాలాంటివాళ్ళకి మాత్రం అదో పండగ. దీన్ని లివ్‌అబోర్డ్ అంటారు. ఒడ్డున హోటల్లో దిగి రోజూ వెళ్ళిరావడం కాకుండా, పడవనే ఇల్లు చేసుకుని ఒక పగడపు దిబ్బ నుంచి ఇంకో దిబ్బకి సాగిపోతూ, రోజుకి మూడు నాలుగుసార్లు నీళ్ళలోకి దిగడమన్నమాట. సిలిండర్లలో గాలి నింపే యంత్రం దగ్గర్నుంచి వంటవాడి దాకా అన్నీ ఆ పడవలోనే.

ఇప్పుడు మాల్దీవులకి అలాంటి ప్రయాణమే సిద్ధం చేసుకుంటున్నాను. ముందు గాలివాటం చూసుకోవాలి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య గాలులు. అప్పుడు మాంటా అనే పెద్ద టేకు చేపలు ఎక్కువగా పడమటి వైపు తిరుగుతాయి. నైరుతి గాలులు మొదలైతే తూర్పు వైపుకి మళ్ళుతాయి. ఏ ఫొటో కావాలో తేలితే గానీ ఏ నెలో, ఏ పడవో తేలదు.

తర్వాత సరంజామా. నీళ్ళలో లెన్సు మార్చలేం. మాంటాకొకటి, గోరంత రొయ్యకొకటి. ఏది బిగించాలో పైనే నిర్ణయించుకోవాలి. లోతుకి వెళ్ళేకొద్దీ ముందు మాయమయ్యేది ఎరుపే. కుంకుమ కూడా నల్లబడిపోతుంది. అందుకే ఫ్లాష్ దీపాలు. కెమెరా పెట్టె మూతకుండే రబ్బరు రింగు మీద ఒక్క తలవెంట్రుక పడినా నీళ్ళు లోపలికి వచ్చేస్తాయి. జుట్టు ముడేసుకుని మరీ చెయ్యాల్సిన పని. నడిసముద్రంలో కొట్లుండవు కదా, రింగులూ వైర్లూ రెండేసి పెట్టుకుంటాను. విడి బ్యాటరీలు విమానంలో చేతిసంచిలోనే ఉండాలి. చివరిసారి నీళ్ళలోంచి పైకొచ్చాక కనీసం 18 గంటలు ఆగితే గానీ విమానమెక్కకూడదు. ఆ ఒక్కరోజూ లెక్కలో వేసుకోవాల్సిందే.

ఇదంతా ఒకెత్తు. డబ్బు కట్టేముందు పడవవాళ్ళని నేనడిగే ప్రశ్న ఒకెత్తు. రాత్రి అందరూ పడుకున్నాక మేలుకుని పడవంతా తిరిగి చూసేదెవరు?

2019 సెప్టెంబరు 2 తెల్లవారుజామున అమెరికాలో కాలిఫోర్నియా తీరాన, శాంటా క్రూజ్ దీవి దగ్గర లంగరు వేసివున్న కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ తగలబడింది. కింది అరలో నిద్రపోతున్న 34 మందీ చనిపోయారు. వాళ్ళు బయటపడడానికి దారులు రెండున్నాయి. కానీ రెండూ పైనున్న ఒకే హాల్లోకి తెరుచుకుంటాయి. మంటలున్నది ఆ హాల్లోనే. ఫోన్లకీ కెమెరాలకీ చార్జింగ్ పెట్టుకునేదీ అక్కడే. నిప్పు ఎలా అంటుకుందో దర్యాప్తులో కచ్చితంగా తేలలేదు. రాత్రి కాపలా లేదన్నది మాత్రం తేలింది. 2023లో ఆ పడవ కెప్టెన్‌ని కోర్టు దోషిగా నిర్ధారించింది. ఆ తర్వాత 2024 నవంబరులో ఈజిప్టు దగ్గర ఎర్రసముద్రంలో సీ స్టోరీ అనే పడవ మునిగిపోయింది.

అందుకే ఇంకా అడుగుతాను. నా గది నుంచి రెండో దారి ఎక్కడికి తెరుచుకుంటుంది? బ్యాటరీల చార్జింగ్ ఎక్కడ, రాత్రంతా వదిలేస్తారా? మొదటి సాయంత్రమే లైఫ్ జాకెట్లు తొడిగించి, దారులు చూపిస్తారా? గదిలో నాతో ఉండేది ఆడమనిషేనా? బ్యాటరీలు మోసుకెళ్ళేది నేనే కాబట్టి నా వంతు నియమం నాకూ ఉంది. నేను మేలుకుని ఉన్నప్పుడే చార్జింగ్, పడుకునేముందు తీసెయ్యడం.

ఇలా అడిగితే "మేడమ్‌గారికి భయమెక్కువ" అని నవ్వేవాళ్ళున్నారు. మగవాడు అడిగితే జాగ్రత్తపరుడు, మనం అడిగితే పిరికివాళ్ళం! నవ్వితే నవ్వనివ్వండి. మంచి పడవవాళ్ళు విసుక్కోరు, కాపలా ఎవరిదో చెప్తారు, దారి ఎటో చూపిస్తారు. గది ఫొటోలు పంపించి మాట దాటేస్తే ఆ పడవ ఎంత చవకైనా నాకొద్దు.

"సముద్రాలూ పడవలూ మాకెందుకమ్మా" అంటారేమో. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయిన సంగతి మర్చిపోగలమా? రాత్రి బస్సుల్లో పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని ప్రయాణం చేసేది మనమే. బజార్లో అరకిలో వంకాయలకి పుచ్చులున్నాయేమోనని ఒక్కోటీ తిప్పి చూసే మనం, బస్సెక్కాక అత్యవసర ద్వారం ఎక్కడుందో, దానికి అడ్డంగా మూటలు పెట్టారేమో ఎందుకు చూడం? పెళ్ళి హాలు మాట్లాడుకునేటప్పుడు, అమ్మాయిని హాస్టల్లో చేర్చేటప్పుడు భోజనం సంగతి అడుగుతాం, ఫీజు సంగతి అడుగుతాం. రాత్రి గేటు తాళం ఎవరి దగ్గరుంటుందో అడుగుతున్నామా?

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అన్నం సంగతే అలా ఉంటే, ప్రాణం సంగతి అడక్కుండా ఊరుకుంటే ఎలా?