దివంగత ఉద్యోగి సొమ్ములో దళారీకి వాటా ఎందుకు?

ఉద్యోగి కన్నుమూసి పక్షం రోజులు గడవకమునుపే కొన్ని ఇళ్ళకు కొత్త ఆప్తుడొకడు వచ్చి చేరుతున్నాడు. సెటిల్‌మెంటు సొమ్ము త్వరగా ఇప్పిస్తాననీ, కోర్టు పనులు తానే చూస్తాననీ, వచ్చినదానిలో నూటికి ఇంత అని ముట్టజెప్పితే చాలుననీ నమ్మబలికి, దుఃఖంలో మునిగియున్న ఇల్లాలిచేత ఖాళీ కాగితాలపై సంతకాలు పెట్టించుకుంటున్నాడు. ఎండలో పట్టాలు సరిచేసి, వానలో ఉత్తరాలు మోసి కూడబెట్టిన సొమ్మిది. దీనిని ఇంటి గొడవగా భావించి యూనియన్ శాఖలు ఊరకుండుట తగదని మా అభిప్రాయం.

అన్నిటికీ న్యాయవాది అక్కరలేదు. కుటుంబ పింఛను మృతుని ఆస్తిలో భాగమే కాదు. ఒక రైల్వే ఉద్యోగి భార్యాబిడ్డలను కాదని సోదరుని పేర వీలునామా వ్రాయగా, ఆ పింఛను వీలునామాతో ఇచ్చివేయదగిన సొత్తు కాదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. దానికి కావలసిన కాగితాలు తయారు చేయించుట రైల్వేలో వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు విధి. ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. తపాలా పొదుపు ఖాతాకు నామినేషన్ లేకున్నా, మరణించిన 6 నెలల పిదప 5 లక్షల రూపాయల వరకు కోర్టు పత్రం లేకుండానే వారసులకు చెల్లించే వీలు నిబంధనలలో ఉంది. కౌంటరు వెనుక కూర్చుండే మన సోదరులకు ఈ సంగతి తెలుసు. తమ ఇంటిలో చెప్పియుంచినవారెందరు?

అసలు చిక్కు నామినీ దగ్గర వస్తుంది. పెండ్లికి పూర్వం తమ్ముని పేర వ్రాసిన కాగితం పదవీ విరమణ వరకు మారదు. బ్యాంకు డిపాజిట్టులో నామినీ సొమ్ము పుచ్చుకొనేవాడే గాని యజమాని కాడని సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. (జీవిత బీమాకు 2015 సవరణ పిమ్మట లెక్క వేరు, అది న్యాయవాదినే అడగవలసిన ప్రశ్న.) వీలునామా లేకుండా మరణించిన హిందూ ఉద్యోగి సొంత ఆస్తిలో 1956 చట్టం ప్రకారం భార్యాబిడ్డలతోపాటు తల్లికీ సమాన భాగం ఉన్నది. అత్తాకోడళ్ళ నడుమ ఈ మాట ఆలస్యంగా తెలిసినచోటనే దళారీకి పని దొరుకుతున్నది.

అట్టి తగాదాలలోనూ, 1925 వారసత్వ చట్టం క్రింద సక్సెషన్ సర్టిఫికెట్ అవసరమైనప్పుడూ న్యాయవాదిని తప్పక ఆశ్రయించాలి. ఆ సర్టిఫికెట్ మృతునికి రావలసిన బాకీలకు, డిపాజిట్లకు, సెక్యూరిటీలకే చెల్లుతుంది. ఇంటికీ పొలానికీ చెల్లదు. ఫీజు ఎంతో ముందే వ్రాయించుకొని రసీదు తీసుకోవాలి. కోర్టులో గెలిచిన సొమ్ములో వాటా పుచ్చుకొనుట బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం.

ఫీజు పెట్టుకోలేని ఇల్లాలికి మరొక ద్వారం తెరిచియున్నది. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షను స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఇచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకుంటే న్యాయవాదిని నియమిస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

ప్రతి శాఖా కార్యదర్శి ఈ నంబరును నోటీసు బోర్డుపై వ్రాయించాలని కోరుతున్నాము. సభ్యుడు మరణించిన ఇంటికి పరామర్శకు వెళ్ళినప్పుడే, యూనియన్ మనిషి చూడకుండా ఏ కాగితంపైనా సంతకం చేయవద్దని చెప్పి రావాలి. వచ్చే నెల సమావేశానికి సభ్యులందరూ తమ నామినేషన్ పత్రాల నకళ్ళు తీసుకొని రావాలి.