మారియో పరుగెత్తుతున్నాడు సరే, ఆడిస్తున్నది ఎవరు?

ఇది చదివేముందు ఒక ఐదు నిమిషాలు ఖర్చు పెట్టండి. ఫోన్‌లో 'సూపర్ మారియో బ్రదర్స్ టాస్' అని వెతికి, వచ్చిన వీడియో ఒకటి చూడండి. అదే పాత మారియో. 1985లో జపాన్‌లో నింటెండో వదిలిన ఆట. మన దగ్గర నకిలీ వీడియో గేమ్ డబ్బాల్లో, పసుపు రంగు కేసెట్లలో దొరికినది. (కేసెట్ పనిచేయకపోతే కింద నోటితో ఊదేవాళ్లం. ఎందుకు ఊదేవాళ్లమో ఎవరికీ తెలీదు.) కానీ ఈ వీడియోలో మారియో మనం ఆడించిన మారియో కాదు. మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా ఎక్కడా తడబడడు. ముళ్ల తాబేలుకి, వీడి కాలికి మధ్య వెంట్రుక కూడా దూరదు. గోడ అడ్డొస్తే గోడలోంచే పోతాడు. ఐదు నిమిషాల లోపే చివరి వంతెన మీద గొడ్డలి ముట్టుకుంటాడు. ఆట ఖతం.

చూడగానే అందరికీ వచ్చే మాట ఒకటే. "వీడెవడ్రా బాబూ?"

నిజానికి అలా ఎవడూ ఆడలేదు. అలాగని కంప్యూటరూ ఆడలేదు. ఈ వారం గొడవంతా ఈ రెండు మాటల మధ్యలోనే ఉంది.

టాస్ అంటే టూల్ అసిస్టెడ్ స్పీడ్‌రన్. పనిముట్ల సాయంతో ఆటను వీలైనంత వేగంగా ముగించడం. ఆ పనిముట్లు ఏంటంటే, ముందుగా ఎమ్యులేటర్. పాత కన్సోల్‌లా నటించే ప్రోగ్రామ్ అది, మీలో సగం మంది ఫోన్లలో ఉండే ఉంటుంది. అందులో ఆటను ఆపేసి, ఒక్కొక్క ఫ్రేమ్ చొప్పున ముందుకు జరపొచ్చు. ఈ ఆట సెకనుకు దాదాపు 60 ఫ్రేములు నడుస్తుంది. అంటే సెకనులో అరవయ్యో వంతు దగ్గర ఆట బిగుసుకుపోయి మన కోసం ఎదురుచూస్తుంది. ఇప్పుడు కుడి నొక్కాలా, దూకాలా, రెండూనా? తీరిగ్గా టీ తాగి వచ్చి నిర్ణయించుకోవచ్చు. తప్పు అనిపిస్తే సేవ్ స్టేట్‌కి వెనక్కి వెళ్లి మళ్లీ నొక్కొచ్చు. వెయ్యిసార్లు వెళ్లినా అడిగేవాడు లేడు. ఆట జ్ఞాపకంలో ఏ అంకె ఎలా మారుతోందో పక్కన కిటికీలో కనిపిస్తూ ఉంటుంది.

వినడానికి సుఖంగా ఉంది కదా? ఒకసారి ప్రయత్నించండి. సెకను ఆట కోసం ఒక సాయంత్రం పోతుంది.

ఎందుకంటే తెర మీద మారియో పిక్సెల్ పిక్సెల్‌గా కదులుతున్నట్టు కనిపిస్తాడు గానీ, ఆట లోపల ఒక్కో పిక్సెల్‌ని 16 ముక్కలుగా లెక్కేస్తుంది. పూర్తి వేగంతో పరుగెత్తే మారియో ఫ్రేముకు రెండున్నర పిక్సెళ్లు దాటతాడు. రెండు పరుగులు కంటికి ఒకేలా ఉంటాయి. కానీ ఒకదాంట్లో గోడలోకి దూరిపోతాడు, రెండోదాంట్లో తల కొట్టుకుంటాడు. తేడా పిక్సెల్‌లో పదహారో వంతు. టాస్ చేసేవాడు వేటాడేది ఆ ముక్కని.

ఇక ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పిచ్చి ఒకటి చెప్పాలి. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర చూసే ఉంటారు. ఒకడు బండి మీద మన పక్కనుంచి మెలికలు తిరుగుతూ దూసుకుపోతాడు. తీరా చూస్తే ముందు రెడ్ లైట్ దగ్గర వాడూ మనమూ పక్కపక్కనే. మారియోలో ప్రతి లెవెల్ చివరా ఇలాంటి సిగ్నల్ ఒకటి ఉంది. లెవెల్ పూర్తయ్యాక తర్వాతి లెవెల్‌కి పంపాలా వద్దా అని ఆట ప్రతి ఫ్రేమూ చూడదు. 21 ఫ్రేములకు ఒకసారే చూస్తుంది. మీరు 5 ఫ్రేములు ముందొచ్చినా, 15 ముందొచ్చినా అదే సిగ్నల్ దగ్గర నిలబడాల్సిందే. ముందటి గ్రీన్‌కి అందుకుంటే మాత్రం 21 ఫ్రేములు, అంటే మూడోవంతు సెకను పైచిలుకు, ఒక్కసారిగా మిగులుతాయి. దీన్ని ఫ్రేమ్ రూల్ అంటారు.

దీనివల్ల లెక్క తలకిందులవుతుంది. వేగంగా ఆడేవాళ్లు మొత్తం 32 లెవెళ్లు ఆడరు. 1-2లో దాచిన దారిలో నాలుగో లోకానికి, 4-2 నుంచి ఎనిమిదో లోకానికి దూకేస్తారు. మిగిలేవి ఎనిమిదే లెవెళ్లు. వాటిలో మొదటి ఏడింటిలో ఒకట్రెండు ఫ్రేములు మిగిల్చినా గాలికి పోతాయి. చివరిదైన 8-4లో మాత్రం తర్వాత సిగ్నలే లేదు. అక్కడ ప్రతి ఫ్రేమూ లెక్కే. ఏడు లెవెళ్ల పాటు సిగ్నళ్లు పట్టుకుంటూ వచ్చి, ఎనిమిదోదాంట్లో ప్రాణం పెట్టి పరుగెత్తాలి.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వాడికి ఇదంతా వివరిస్తే చివర్లో వాడు చల్లగా, "అంటే చీటింగే కదా మావయ్యా" అన్నాడు. పదిమందిని అడిగితే ఏడుగురు ఇదే అంటారు. ఊరికే కొట్టిపారేసే మాట కాదు. ఎందుకంటే ఈ కళ జనానికి తెలిసిందే ఒక అపార్థంతో.

'టూల్ అసిస్టెడ్' అన్న మాట డూమ్ ఆటవాళ్ల నుంచి వచ్చింది. 1999లో వాళ్లు ఆ ఆటను నెమ్మదిగా నడిపి రికార్డు చేసే పద్ధతి కనిపెట్టి, 'ఇది పనిముట్లతో చేసింది' అని పేరులోనే చెప్పేశారు. కానీ ప్రపంచం దీన్ని గమనించింది 2003లో. మోరిమోటో అనే జపాన్ ఆటగాడు సూపర్ మారియో బ్రదర్స్ 3ని పదకొండు నిమిషాల్లో ముగించిన వీడియో ఇంటర్నెట్‌లో ఊరూరా తిరిగింది. వీడియో చేతులు మారుతూ పోయింది గానీ, ఎలా చేశాడో చెప్పిన మాట దాని వెంట రాలేదు. చూసినవాళ్లు ఎవడో మహానుభావుడు కూర్చుని ఒక్క ఊపున ఆడేశాడనుకున్నారు. ఎమ్యులేటర్‌లో వెనక్కి ముందుకి తిప్పుతూ కట్టిందని తెలిశాక చాలామందికి మండిపోయింది. అన్నాళ్లూ చేతులు నొప్పెట్టేలా సాధన చేసినవాళ్లకి మండదా మరి?

కానీ అదే సంవత్సరం చివర్లో బిస్క్విట్ అనే ఫిన్లాండ్ కుర్రాడు ఇలాంటివాటి కోసమే ఒక సైట్ పెట్టాడు. ఇప్పుడు దాని పేరు టాస్ వీడియోస్. వాళ్ల పద్ధతి ఒకటి చూస్తే మా వాడి ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది. మీరు వీడియో పంపితే వాళ్లు తీసుకోరు. బటన్ల ఫైలు పంపాలి.

ఆ ఫైలు తెరిచి చూస్తే బొమ్మలుండవు. వరసగా అక్షరాలుంటాయి. ఒక్కో ఫ్రేముకు ఒక్కో వరస. కుడి, కుడి, కుడి, కుడితో పాటు ఎ, మళ్లీ కుడి. సంగీతం టీచరు స్వరాలు రాసిచ్చిన కాగితంలా ఉంటుంది. రాసింది మనిషి, పాడేది కన్సోల్. ఆ పాత యంత్రానికి సొంత బుద్ధి లేదు. అవే బటన్లు అవే ఫ్రేముల్లో నొక్కితే ప్రతిసారీ అదే జరుగుతుంది. మన కంటికి అదృష్టంలా కనిపించే శత్రువుల కదలికలు కూడా లోపల లెక్క ప్రకారమే వస్తాయి. కాబట్టి ఎవరైనా ఆ ఫైలుని తమ దగ్గర నడిపి చూడొచ్చు. కొందరైతే ఒక చిన్న సర్క్యూట్ బోర్డుతో ఆ బటన్లని అసలైన పాత కన్సోల్‌కే పంపించి సరిచూస్తారు. ఎడిటింగు చేసి అతికించడం ఇక్కడ కుదరదు. అతికితే మారియో మూడో సెకనులోనే గోతిలో పడతాడు.

హ్యాపీలీ అనే చైనా ఆటగాడు ఈ మొదటి మారియోకి కట్టిన టాస్ 2011లో ఆ సైట్‌లోకి వచ్చింది. 4 నిమిషాల 57.31 సెకన్లు. మొత్తం 17,868 ఫ్రేములు. కన్సోల్‌కి ఎనిమిది బటన్లు, కాబట్టి ఫ్రేముకు ఒక బైటు చాలు. అంటే ఆ మొత్తం పనితనం 18 వేల బైట్లలో పట్టేస్తుంది. మీ ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ పువ్వు దీనికి ఎన్నో రెట్లు పెద్దది.

(గూగుల్ చేసి అంకెలు కలవడం లేదని నాకు మెసేజ్ పెట్టేలోపు ఒక మాట. టాస్ వాళ్లు కన్సోల్ ఆన్ చేసిన క్షణం నుంచి చివరి బటన్ దాకా లెక్కేస్తారు. మనుషుల రికార్డుల్లో మొదటి లెవెల్‌లో ఆట మొదలైన దగ్గర్నుంచి గొడ్డలి ముట్టుకునే దాకా. గడియారం ఒకటే, నొక్కే చోటు వేరు.)

కాబట్టి నా తీర్పు ఇది. పేరు దాచి 'నేను ఆడాను' అంటే మోసం. 'నేను కట్టాను' అంటే కాదు. మనుషుల రికార్డుల పట్టికలోకి ఇలాంటివి దొంగచాటుగా దూర్చినవాళ్లూ ఉన్నారు, దొరికిపోయినవాళ్లూ ఉన్నారు. అందుకే ఇప్పుడు పెద్ద రికార్డు కొట్టేవాళ్లు తెరతో పాటు తమ చేతులు కూడా కెమెరాలో చూపిస్తుంటారు. దానికి టాస్‌ని తిట్టడమంటే, కాపీ కొట్టినవాడి కోసం పుస్తకాన్ని తిట్టినట్టు.

మా వాడికి ఇది చెప్తే ఒప్పుకోలేదు. "అయినా మనిషి చెయ్యలేనిది చూసి ఏం లాభం?" అన్నాడు. మంచి ప్రశ్న. దీనికి జవాబు మాత్రం నేను చెప్పాల్సిన పని లేకుండా ఆటవాళ్లే చెప్పేశారు.

లెవెల్ చివర జెండా కర్ర ఉంటుంది కదా. పట్టుకోగానే మారియో జారుతూ దిగుతాడు, జెండా కిందికి వస్తుంది, అప్పుడు కోటలోకి నడుస్తాడు. కర్ర కింది దిమ్మలోకి సరైన ఫ్రేములో, సరైన పిక్సెల్ ముక్కలో దూరితే జెండా దిగే తతంగం ఎగిరిపోతుంది. మారియో ఆగకుండా కోటలోకి పోతాడు. ఇది టాస్‌కే సాధ్యమని చాలాకాలం అనుకున్నారు. తర్వాత కొందరు ఆటగాళ్లు కూర్చుని వెనక నుంచి లెక్క కట్టారు. లెవెల్ మొదట్లో ఏ ఇటుకకి ఆనుకుని నిలబడాలి, ఎక్కడ పరుగందుకోవాలి, ఏ మెట్టు అంచున దూకాలి. కంటికి కనపడని పిక్సెల్ ముక్కని కంటికి కనపడే గుర్తులుగా మార్చేశారు. ఇవాళ పోటీలో పై మెట్టు మీదున్న ప్రతి ఒక్కరూ ఆ పని చేస్తారు.

2021 ఏప్రిల్‌లో నిఫ్ట్‌స్కీ అనే అమెరికా కుర్రాడు 4:54.948లో ఆట ముగించాడు. 4:55 కిందికి దిగిన మొదటి మనిషి. విచిత్రం ఏంటంటే వాడు ఆడింది కీబోర్డు మీద. ఇక్కడో చిక్కుంది. అసలు కంట్రోలర్‌లో ఎడమ, కుడి ఒకే మీట మీద ఉంటాయి, రెండూ ఒకేసారి నొక్కలేం. కీబోర్డులో నొక్కొచ్చు. అలా నొక్కితే ఆట తికమకపడి కొన్ని లాభాలు ఇస్తుంది. టాస్‌లో వాడుకుంటారు, మనుషుల పోటీలో నిషేధం. అందుకే మనుషులతో పోల్చుకోవడానికి ఈ నియమం పాటిస్తూ కట్టిన టాస్ ఒకటి వేరుగా ఉంది. దాని సమయం 4:54.265. మనుషులందరూ చూసేది ఆ అంకె వైపే.

2023 సెప్టెంబర్‌లో అదే కుర్రాడు 4:54.631 కొట్టాడు. తేడా 0.366 సెకను. 22 ఫ్రేములు. ఒక ఫ్రేమ్ రూల్ కంటే ఒకే ఒక్క ఫ్రేము ఎక్కువ.

అలాగని అంతా గడియారం గొడవే అనుకోకండి. మోరిమోటో వీడియోలో నాకు బాగా నచ్చేది వేగం కాదు. మారియో 3లో కొన్ని ఓడల లెవెళ్లు వాటంతట అవే నెమ్మదిగా జరుగుతాయి. ఎంత గొప్పవాడైనా అక్కడ తొందరపెట్టలేడు. మరి ఏం చేశాడు? ఆ ఖాళీ సమయంలో మారియోని శత్రువుల తలల మీద నేలకి దిగకుండా గెంతిస్తూ, గుండ్ల మధ్య తిప్పుతూ ప్రాణాలు 99కి చేర్చాడు. అవసరం లేదు. ఒక్క ప్రాణం చాలు. టాస్ వీడియోస్‌లో ఇప్పటికీ వచ్చిన ఫైలుని వేగంతో పాటు చూడ్డానికి బాగుందా లేదా అని కూడా చూస్తారు. ఈ నియమం పెట్టినవాడెవడో గానీ వాడికి దండం.

ఇంకా కావాలంటే 2014 జనవరిలో అమెరికాలో ఒక విరాళాల కార్యక్రమంలో జరిగింది వెతికి చూడండి. వేదిక మీద అసలైన సూపర్ నింటెండో, అందులో సూపర్ మారియో వరల్డ్ కేసెట్. కంట్రోలర్ తీగ చివర మనిషి లేడు, ముందే కట్టిన బటన్ల ఫైలు ఉంది. మారియో కాసేపు వింతగా అటూ ఇటూ తిరుగుతూ వస్తువుల్ని ఎక్కడెక్కడో పెట్టాడు. హఠాత్తుగా ఆట మాయమై తెర మీద పాంగ్ వచ్చింది. తర్వాత పాము ఆట. ఆ వింత తిరుగుడంతా ఆట జ్ఞాపకంలో కావలసిన అంకెల్ని పేర్చడానికే. కేసెట్ మార్చలేదు, తీగ మార్చలేదు. బటన్లు నొక్కి నొక్కి, ఆ కన్సోల్ లోపల కొత్త ప్రోగ్రామ్ రాసేశారు.

మా వాడు ఈ వీడియో మూడుసార్లు చూశాడు. నాలుగోసారి ఆపి, "ఆ ఎమ్యులేటర్ ఫోన్‌లో పనిచేస్తుందా, ల్యాప్‌టాప్ కావాలా?" అని అడిగాడు. ల్యాప్‌టాప్ అయితే మేలు. ఎఫ్‌సీఈయూఎక్స్, బిజ్‌హాక్ అని రెండున్నాయి, రెండూ ఉచితం. 1-1 మొదటి గొట్టం దాకా కట్టి చూడమన్నాను. శనివారం మొదలుపెట్టాడు. ఇది రాసే సమయానికి మొదటి పుట్టగొడుగు దాటాడు.