రంగు మరక కాదు

రాజమండ్రిలో నేను ఫోటోషాప్ నేర్చుకుంటున్నాను. పాత ఫోటోల మీద గీతలు, మరకలు తీసేయడం మంచి పనే. కానీ పెళ్ళి సంబంధానికి పంపే ఫోటో అనగానే అమ్మాయిని తెల్లగా చేయమంటారు. నెగెటివ్ మీద పెన్సిల్‌తో దిద్దే రోజుల నుంచీ ఉన్న పనిని 1990లో వచ్చిన ఫోటోషాప్ మరీ తేలిక చేసింది. తీరా పెళ్ళిచూపుల్లో "ఫోటోలో ఇలా లేదే" అన్న మాట పడేది ఆ అమ్మాయే. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి 'ఫెయిర్' పోయింది కానీ మన ఇళ్ళలోంచి పోలేదు.

ఒక్కరం కాదంటే గిరాకీ పక్క స్టూడియోకి పోతుంది. అందుకే ఉపాధి కోసం ఈ పని నేర్పే మహిళా సంఘాలు మొదటి పాఠంలోనే చెప్పాలి: మరక తీయండి, రంగు జోలికి పోకండి. కాదనే మాట అందరం కలిసి అనాలి.