ఓడ నిబంధన ఖలాసీకి అర్థం కావాలి

శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి ఎందరో యువకులు ఓడల్లో పనికి వెళుతున్నారు. వారి ప్రాణరక్షణకు నిబంధనల పుస్తకాలు వున్నాయి. చదివినవాడికి బోధపడకపోతే అవి వున్నా లేనట్లే.

ఉదాహరణకు మూసివున్న ట్యాంకు. బయటి గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతం. ట్యాంకులో ఇనుము తుప్పు పడుతూ ఆ వాయువును హరిస్తుంది. బొగ్గు, కలప నింపిన గదుల్లోనూ ఇదే ప్రమాదం. ఇది కంటికి కనపడదు, వాసనకు తెలియదు. దిగినవాడు కూలిపోతాడు. అతణ్ణి కాపాడబోయి దిగిన రెండోవాడూ కూలిపోతాడు. ఇలా ఒకరి వెనుక ఒకరు మరణించిన సంఘటనలు అనేకం.

అందుకే "గాలి పరీక్షించనిదే దిగవద్దు. లోపల మనిషి పడిపోయినా దిగవద్దు. ముందు అలారం కొట్టు" అన్న మూడు ముక్కలు మొదటి పేజీలోనే వుండాలి. ట్యాంకు మూత వద్ద కూడా రాసిపెట్టాలి. పొడుగాటి వాక్యాల మధ్య దాగిన హెచ్చరిక ఆపదలో అక్కరకు రాదు.

1998లో కొన్ని రకాల ఓడలకు, 2002లో మిగతా వాటికి వర్తించిన అంతర్జాతీయ భద్రతా నియమావళి, సిబ్బందికి అర్థమయ్యే భాషలోనే సమాచారం అందాలంటున్నది. 2015 నుంచి ఇలాంటి చోట్ల రక్షణ డ్రిల్లు రెండు నెలలకొకసారి తప్పనిసరి అయింది.

పలు దేశాలవారు పనిచేసే ఓడలో ఇంగ్లీషు తప్పకపోవచ్చు. కాని కఠినమైన ఇంగ్లీషు తప్పనిసరి కాదు. ఇక్కడి శిక్షణ కేంద్రాలు ఈ జాగ్రత్తలను తెలుగులోనూ విడమరచి చెప్పాలి. కంపెనీలు నిబంధనపై ముద్ర వేసేముందు సరంగుచేత, ఖలాసీచేత చదివించాలి. వారు తమ మాటల్లో తిరిగి చెప్పలేకపోతే, తప్పు వారిది కాదు. నిబంధననే తిరగరాయాలి.